సేవ చేయించకండి: హైస్కూలు టీచర్లకు తలకిందుల సలహాలు

ముందు ఆ చీపుళ్లు లోపల పెట్టించండి. రోడ్డు ఊడ్పించి, బ్యానర్ పట్టించి ఫొటో తీస్తే పిల్లలకు మిగిలేది చెమటే. ఒకరికి సాయపడాలంటే ముందు ఏదో ఒక పని చేతిలో ఉండాలి. ఏడో తరగతి పిల్లలకు ఇంకా ఏ పనీ రాదు. అందుకని పని తెలిసినవాళ్ల దగ్గరికి పంపండి.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 రోజులు ఇచ్చింది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి ఊరి పనివాళ్ల దగ్గర గడపమంది. ఆ పది రోజుల్లో పది చోట్లు చూపించాలని మనకు ఆశ పుడుతుంది. వద్దు. ఒక్క చోటికే పంపండి, నెలకొక రోజు చొప్పున.

అంగన్‌వాడీనే తీసుకోండి. అక్కడ పసిపిల్లల బరువు నెలనెలా చూస్తారు. మన ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకే పసివాడి బరువును పది నెలలు చార్టులో గుర్తించిందనుకోండి. అడ్డంగా వయసు, నిలువుగా బరువు. చుక్క ఆకుపచ్చ పట్టీలోంచి పసుపులోకి జారిన నెల ఆ అమ్మాయి ఊరుకోదు. వాడికి జ్వరం వచ్చిందా? తల్లి కూలికి వలస వెళ్లిందా? గుడ్డు తింటున్నాడా? లెక్కల పుస్తకంలో ఎన్ని గ్రాఫులు గీసినా ఈ ప్రశ్నలు పుట్టవు. ఒక్కరోజు వెళ్లి బిస్కట్లు పంచి వచ్చినా పుట్టవు. పసివాడి పేరు మాత్రం నోట్సులో రాయనివ్వకండి. అది ఆ ఇంటి గుట్టు.

సైకిల్ షాపుకు పంపితే పిల్లవాణ్ని పంక్చర్ పని పాడుచేయనివ్వండి. ట్యూబును నీళ్లలో ముంచి, బుడగలొచ్చిన చోట గుర్తు పెట్టి, తుడిచి, ఆకురాయితో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఆగాలి. వాడు ఆగడు, తడి మీదే ప్యాచ్ వేస్తాడు. గాలి కొట్టగానే అది ఊడొస్తుంది. మెకానిక్ కసురుకుంటాడు. మీరు మధ్యలోకి వెళ్లొద్దు. పాడైన ప్యాచ్ డబ్బులు మాత్రం బడే ఇవ్వాలి, ఆయన సంపాదనలోంచి మన చదువు సాగకూడదు. గిరాకీ ఎక్కువుందని కుర్రాణ్ని పనివాడిగా వాడుకుంటే ఆ రోజే వెనక్కి తెచ్చుకోండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం.

మార్కులు వెయ్యకండి. రిపోర్టు రాయించకండి, ఇంటర్నెట్‌లో దొరికింది దించుకొస్తారు. మెకానిక్‌ని క్లాసుకు పిలిచి, మీ కుర్చీలో కూర్చోబెట్టి, నేర్చుకున్నది ఆయన ఎదుటే చేసి చూపించమనండి. తప్పులు ఆయనే దిద్దుతాడు.

"మావాణ్ని పంక్చర్లు వేయడానికా చదివిస్తున్నాం?" అంటూ తల్లిదండ్రులు వస్తారు. సర్దిచెప్పే పని పెట్టుకోకండి, ఆ నాన్ననే ఒకరోజు కొడుకుతోపాటు షాపుకు వెళ్లమనండి. ఇదంతా జూన్‌లోనే మొదలుపెట్టాలి. సంక్రాంతి దాటితే పరీక్షల హడావుడిలో ఏ హెడ్మాస్టరూ ఒప్పుకోరు.