కాపురమెక్కడండీ?

పొద్దున్నే అరటి యార్డు దగ్గర టీ గ్లాసు పట్టుకున్నానో లేదో, డాలస్ నుంచి ఫోను. మా అన్నయ్య కొడుకు. అక్కడ రాత్రి భోజనాల వేళ. మనవాడు అన్నం ముందునుంచి లేచి చేశాడని గొంతే చెప్పింది.

“బాబాయ్, అమ్మేసిన ఇంటికి నేను పన్ను కట్టడమేంటి? ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?”

ఉందిరా. నువ్వు ఇల్లు అమ్మిన మిచిగన్‌లోనే ఉంది.

సొంతింట్లో కాపురం ఉండేవాడికి అక్కడ స్కూళ్ల ఖర్చుకి వేసే పన్నులో 18 మిల్లులు మాఫీ. మిల్లంటే మన రైసుమిల్లు కాదు, పన్ను విలువలో వెయ్యి డాలర్లకి ఒక డాలరు. లక్షన్నర డాలర్ల పన్ను విలువుంటే ఏడాదికి 2,700 డాలర్లు మిగులు. మనవాడు నోవైలో ఇల్లు కొని, ‘ఇదే నా ప్రధాన నివాసం’ అని అఫిడవిట్టు పెట్టాడు. సుఖంగానే ఉంది. తరవాత డాలస్‌లో ఉద్యోగమొచ్చి నోవై ఇల్లు అద్దెకిచ్చాడు. కాపురం ఎత్తేసిన 90 రోజుల్లోగా ‘నేనిక్కడ లేను మొర్రో’ అని ఇంకో కాగితం ఇవ్వాలి. అద్దె వసూలు ఒక్క నెలా మరిచిపోలేదు, కాగితం మాత్రం మరిచిపోయాడు. పైగా డాలస్ ఇంటిక్కూడా హోమ్‌స్టెడ్ మినహాయింపు అడిగాడు. మనిషొక్కడు, ప్రధాన నివాసాలు రెండు. రేషను కార్డులో పేరు ఇప్పటికీ రావులపాలెంలోనే ఉంది, ఆ సంగతి వాళ్లకి తెలీదు కాబట్టి సరిపోయింది.

మినహాయింపు చెల్లదని తేలిస్తే ఆ ఏడాదితో ఆగరు, వెనకటి మూడేళ్ల వరకూ తవ్వుతారు. నెలకి 1.25 శాతం వడ్డీ. అంటే రూపాయి పావలా. ప్రోనోట్ల మీద రెండేసి రూపాయలకి అలవాటుపడ్డ మనకది ధర్మవడ్డీలాగే కనబడుతుంది, కట్టేవాడికే కనబడదు. ఇల్లు ఈలోగా సక్రమంగా కొనుక్కున్నవాడి చేతిలోకి పోయినా, బిల్లు ఇంటి వెంట పోదు. మాఫీ అనుభవించినవాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది.

మన దగ్గర బిల్లుకి కాళ్లుండవు. ఇంటి నంబరుని పట్టుకుని అక్కడే కూచుంటుంది. అమ్మినవాడు డబ్బు లెక్కెట్టుకుని వంతెన దాటేస్తాడు. కొన్నవాడు పేరు మార్పుకెళ్తే పాత బకాయి కట్టి రమ్మంటారు. దస్తావేజులో ‘ఎటువంటి బాకీలూ, తగాదాలూ లేవు’ అని ఒక వాక్యం ఉంటుంది చూడండి, దాన్ని డాక్యుమెంటు రైటరు రాస్తాడు, అమ్మేవాడు చదవడు, కొనేవాడు నమ్ముతాడు.

మనకీ ఒక మినహాయింపుంది. పంచాయతీల్లో సైనికులందరి ఇళ్లకీ పన్ను ఉండదని 2025 మేలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ప్రకటించారు. అంతకుముందు రిటైరైనవారికీ, సరిహద్దుల్లో ఉన్నవారికీ మాత్రమే. సైనికుడో, భార్యో ఉంటున్న ఇల్లు, అదీ ఒక్కటే. ప్రాణం పణం పెట్టేవాడికి ఆమాత్రం ఇవ్వాల్సిందే, పేచీ లేదు. పేచీ మా పక్కింటాయనతో. “మిలిటరీ ఆయన ఇల్లండీ, కొంటే జన్మలో పన్నుండదంట” అని బ్రోకరు చెప్పిన మాట పట్టుకుని బయానా పట్టుకెళ్తున్నాడు.

“ఆయ్, పన్ను లేనిది మనిషికండీ, గోడలకి కాదు. మీరెప్పుడు తుపాకీ పట్టారు?” అన్నాను.

ఫోనులో మనవాడింకా ఉన్నాడు. “కొన్నాయన కూడా మన గోదావరాయనే బాబాయ్, సగం అడగనా?”

“అడుగు. ముందు కట్టి, తరవాత అడుగు. అన్నట్టు, ఇక్కడి ఇంటి పన్ను మూడేళ్లది అలాగే ఉంది. ఇల్లు నీ పేరునే ఉంది. లైబ్రరీ సెస్సుతో కలిపి పంపు.”

లైను కట్టయింది.

పక్కింటాయన మాత్రం మాట విన్నాడు. బయానా జేబులోనే ఉంచుకుని, మినహాయింపు కాగితం చూపించమన్నాడు. బ్రోకరు ఇంకా వెతుకుతున్నాడు.