విప్పని పెట్టెలు

2014 జూన్ 2న తెలంగాణతో విడిపోయి వేరు కాపురం పెట్టిన ఆంధ్రప్రదేశ్, హైదరాబాద్‌లో పదేళ్లు ఉండొచ్చని విభజన చట్టం చెప్పినా 2016లోనే ఫైళ్లు సర్దుకుని వెలగపూడి చేరింది. గుమ్మం మీద ‘తాత్కాలిక’ సచివాలయం అని రాసుకుంది. మనదగ్గర తాత్కాలికానికి ఆయుష్షు గట్టిది లెండి! ఉద్యోగులు కుదురుకునేదాకా అంటూ ఇచ్చిన వారానికి ఐదు రోజుల పని పొడిగింపుల మీదే బతికింది. సర్దుడు పూర్తికాకముందే ఇల్లొక్కటి చాలదు, మూడు కావాలన్నారు పెద్దలు. కట్టిన పెట్టెలు కట్టినట్టే ఉండగా 2021 నవంబరులో ఆ మూడు రాజధానుల చట్టాన్నీ వెనక్కి తీసుకున్నారు. ఇక విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులోని ఉమ్మడి సంస్థల పంపకమంటారా? ఎవరి వాటా ఎంతో అందుకోసం వేసిన షీలా భిడే కమిటీ ఎప్పుడో చెప్పింది. ఆ నివేదిక ఏ పెట్టెలో ఉందో అన్నదమ్ములిద్దరూ వెతకాలి.