శివారు కుంపటి

లండనుకు పడమటన రెడింగ్‌లో పాత ఇల్లు కొన్నవాళ్ళకి చలి ఉచితం. మా ముందుగదిలో ఒకప్పుడు బొగ్గులు మండిన పొయ్యిగూడు ఉంది. అందులోని పాత గ్యాస్ ఫైర్ తీసేసి కొత్తది పెట్టిద్దామని మా ఆవిడ పట్టుబట్టడం, భీమవరం నుంచి మామగారు దిగడం ఒకే శీతాకాలంలో జరిగాయి. ఏది ఎక్కువ వేడి పుట్టించిందో చెప్పి కాపురం పాడుచేసుకోను.

మామగారు ఇరిగేషన్‌లో డీఈగా రిటైరయ్యారు. గొట్టంలో పారేది ఏదైనా తన పరిధిలోదే అని ఆయన నమ్మకం. సంగతి ఫోనులో వినగానే, సూట్‌కేసులో ఆవకాయ సీసాకీ పూతరేకుల డబ్బాకీ మధ్య ఆరంజి రంగు సురక్షా ట్యూబు సర్దుకొచ్చేశారు. మీటరున్నర పొడవు, లోపల ఉక్కు తీగల అల్లిక, ఒంటిమీద ఐఎస్‌ఐ ముద్ర, అయిదేళ్ళ గడువు.

"క్లిప్పులు కూడా తెచ్చానండి అల్లుడుగారూ. ఆ కుంపటికి బిగించేస్తే అరగంట పని."

ఈ దేశంలో మెత్తటి గొట్టం వంటపొయ్యి వెనకకే పరిమితమనీ, గదిలో ఫైరుకి రాగి పైపే వెయ్యాలనీ, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరు లేనివాడు డబ్బు తీసుకుని ఈ పని చేస్తే నేరమనీ నచ్చజెప్పాను. ఆయన ట్యూబు మడిచి దాచారు. ఇంకా గడువుంది కదా అని ఆశ.

ఈలోగా ఆదివారం భోజనానికొచ్చిన మిత్రులు సలహాలు వడ్డించారు. "22 మిల్లీమీటర్ల లావుది వేసేయండి, పీడా వదుల్తుంది" అన్నాడొకాయన. "పాత ఫైరుకి 8దే కదా ఉంది, దాన్నే పొడిగించండి, కంటికి ఆనదు" అన్నాడు ఇంకొకాయన. ఇద్దరూ సాఫ్ట్‌వేరే.

వచ్చిన గ్యాస్ మనిషి తను ఇంజనీరునని చెప్పుకున్నాడు. చేతిలో పైపు కోసే కట్టరు, మోకాళ్ళకి మెత్తలు. మామగారి మొహం మాడిపోయింది. ఆయన ఎరిగిన ఇంజనీరు జీపు దిగి, గట్టు మీద నిలబడి, వేలు చూపిస్తాడు. ఇతగాడేమో నేలమీద బోర్లా పడుకుని చెక్కల సందుల్లోకి టార్చి కొడుతున్నాడు.

పైపు ఎంత లావు వెయ్యాలని అడిగితే అతను నన్నే ఎదురు ప్రశ్నలడిగాడు. మీటరు ఎంత దూరం? దారిలో ఎన్ని మలుపులు? ఇదే లైను మీద ఇంకేమేం ఉన్నాయి? బాయిలరు ఎన్ని కిలోవాట్లు? ఫైరు దాని తర్వాతేనా?

అనువదించి చెప్పానో లేదో, మామగారు కుర్చీలోంచి లేచారు. "శివారు భూమి! బాయిలరు ఎగువ రైతు. స్నానానికి వేణ్ణీళ్ళు తిప్పగానే అంతా వాడే లాగేస్తాడు. చివర్న మన కుంపటి నోరెళ్ళబెడుతుంది. కాలవ వెడల్పు మొదటి తూము దగ్గర కాదండీ, చివరి చేను దగ్గర నిలబడి లెక్కెయ్యాలి."

సరిగ్గా అదే లెక్క. ఇక్కడ ఇళ్ళకొచ్చే గ్యాస్ ఒత్తిడి 21 మిల్లీబార్లు, అంటే నీటిలెక్కలో జానెడుకి కాస్త తక్కువ. మీటరు దగ్గర్నుంచి ఫైరుదాకా ఒక్క మిల్లీబారు, అంటే చిటికెన వేలి మందమంత, మించి పడిపోకూడదు. ఒక్కో ఎల్బో అర మీటరు అదనపు పైపుతో సమానం. పైపు కనబడకూడదని మా ఆవిడ కిటికీ చుట్టూ, అలమర చుట్టూ గీసిచ్చిన దారిలో ఎల్బోలే ఎక్కువ, పైపు తక్కువ. అతను ఆ కాగితం చూసి మర్యాదగా తలూపి, నేలచెక్కల కింద తిన్నగా 15 మిల్లీమీటర్ల పైపు తీసుకెళ్ళాడు. పొయ్యిగూడు గోడ దాటేచోట పైపుకి తొడుగు వేశాడు. మసీ సున్నమూ తగిలితే రాగిని తినేస్తాయట. 8 మిల్లీమీటర్లది చివర జానాబెత్తెడు ముక్కగా మాత్రమే మిగిలింది.

తర్వాత అతను సంచిలోంచి నీళ్ళు పోసిన యు ఆకారపు గొట్టం తీశాడు. దాంతో మామగారి పగ చల్లారింది. ఇద్దరూ దాని ముందు చతికిలబడ్డారు. రెండు నిమిషాలు నీటిమట్టం కదలకూడదు. కదల్లేదు. "ఎగువ రైతుల్ని కూడా వదలండి" అని ఆజ్ఞాపించారు మామగారు. స్టవ్వు నాలుగు మంటలూ వెలిగించి, మేడమీద వేణ్ణీళ్ళు తిప్పి, ఫైరు ముట్టించాం. ఇంజనీరు రెండు చివర్లా ఒత్తిడి చూసి బొటనవేలు పైకెత్తాడు. మామగారు అతన్ని 'మనవాడు' అనేశారు. ఉత్తపుణ్యానికి ఆవకాయ సీసా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మామగారి చూపు స్మార్ట్ మీటరు డబ్బా మీద పడింది. ఫైరు వెలిగిన అరగంటకి అందులో గ్యాస్ ఖర్చు, పౌండ్లలో. ఆయన వాటిని రూపాయల్లోకి మార్చారు. అప్పట్నుంచీ ఫైరు కట్టేసి, మంకీ క్యాప్ పెట్టుకుని, దాని ముందే కూర్చుంటున్నారు. వచ్చినవాళ్ళకి మాత్రం పైపు భేషుగ్గా ఉందని, కావాలంటే కొలిచి చూసుకోమని చెబుతున్నారు.