400 కిలోమీటర్ల ఎత్తున నా కొలువు

నేను స్కానింగ్ యంత్రాన్ని. మీ ఊరి ఆసుపత్రిలో తల్లి కడుపులోని బిడ్డను చూపించే యంత్రం నాకు చుట్టమే. నా కొలువు మాత్రం నేలకు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో. నన్ను అల్ట్రాసౌండ్-2 అంటారు. 2011 జులైలో, అట్లాంటిస్ షటిల్ చివరి ప్రయాణంలో ఇక్కడికి చేరాను. నాకంటే ముందు ఈ పని చేసిన యంత్రం చాలా భారీది. నేను ల్యాప్‌టాప్ అంత ఉంటాను.

ఇక్కడ సీటీ స్కాన్ లేదు. అంత బరువు మోసుకురావడం, అంత కరెంటు ఇవ్వడం కుదరని పని. అందుకే ఒంటిలోపల ఏం జరుగుతోందో తెలియాలంటే ముందు నన్నే తెరుస్తారు. గుండె, కిడ్నీలు, కళ్లు, రక్తనాళాలు అన్నీ శబ్ద తరంగాలతోనే చూస్తాను.

నేను మరిచిపోలేని రోజు ఒకటుంది. భూమ్మీద నిలబడితే రక్తాన్ని గురుత్వాకర్షణ కిందికి లాగుతుంది. ఇక్కడ ఆ లాగుడు తెలియదు. రక్తం తలవైపు చేరి ముఖం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి. అప్పుడు మెడ సిరలో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలని 11 మంది వ్యోమగాములను పరీక్షించారు. ఆరుగురి ఎడమ మెడ సిరలో రక్తం కదలకుండా నిలిచింది, లేదా వెనక్కి పారింది. ఒకరికైతే గడ్డకట్టి సిర మూసుకుపోయింది. ఆరు నెలల యాత్రలో అప్పటికి రెండు నెలలే గడిచాయి. నొప్పి లేదు. ఆ పరీక్షే జరగకపోతే గడ్డ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆ వ్యోమగామి పేరు ఎవరూ బయటపెట్టలేదు, నేనూ చెప్పను.

నేల మీద వైద్యులు కూడబలుక్కున్నారు. రక్తం గడ్డల వైద్యంలో నిపుణుడు, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫన్ మోల్ సలహా తీసుకున్నారు. మందుల పెట్టెలో గడ్డ పెరగకుండా ఆపే ఎనాక్సాపారిన్ సీసాలు 20 మాత్రమే ఉన్నాయి. రోజూ ఇంజెక్షన్. సీసాలోంచి సిరంజిలోకి మందు లాగడమే ఇక్కడ పెద్ద పని. మందు అడుగున నిలవదు, బుడగలు పైకి తేలవు. ఉన్న మందు అయిపోకూడదని కొన్నాళ్లకు మోతాదు తగ్గించి, 40 రోజులు దాటేదాకా నెట్టుకొచ్చారు. అప్పుడు సరుకుల నౌకలో అదే పనిచేసే అపిక్సబాన్ మాత్రలు వచ్చాయి.

ఆ రోజుల్లో ఆ వ్యోమగామే నా ప్రోబ్‌ను మెడ మీద ఆనించుకునేవారు. నేల మీది నిపుణులు నా తెర చూస్తూ ఎటు జరపాలో, ఎంత నొక్కాలో చెప్పేవారు. పలక మీద బిడ్డ చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దించినట్టే ఉండేది. వారాలు గడిచేకొద్దీ గడ్డ చిన్నదవడం చూశాను. భూమికి తిరిగివెళ్లిన 10 రోజులకు అది పూర్తిగా కరిగిపోయింది.

నాకిప్పుడు దిగులు అంగారక యాత్ర గురించే. అక్కడికి మాట చేరడానికే ఒక్కోసారి 20 నిమిషాలు దాటుతుంది. జవాబు రావడానికి మరో 20. అంతసేపు చెయ్యి పట్టుకునేవారు ఉండరు. మధ్యలో మాత్రలు తెచ్చే నౌక ఉండదు. ఇక్కడి రోగిని అవసరమైతే గంటల్లో నేలకు దించవచ్చు, అక్కడినుంచి రావడానికి నెలలు పడుతుంది. మొత్తం సుమారు మూడేళ్లు పట్టే ఆ యాత్ర ముగిసేలోపే ఇక్కడి మందుల్లో సగానికి పైగా వాటికి గడువు తీరిపోతుంది.

కాబట్టి అంగారక నౌకకు వైద్యం సమకూర్చేవారికి నాదొక మనవి. పెట్టెలో ఏమేం పెట్టాలన్న లెక్కతో ఆగకండి. ప్రోబ్ సరైన చోట ఉందో లేదో చెప్పగల తెలివి నాకే నేర్పండి. 2010లో ఈ కేంద్రంలోనే ఇక్కడి నీటినుంచి సెలైన్ తయారుచేసి చూశారు, ఆ దారిలో ఇంకా ముందుకు వెళ్లండి. సిబ్బందిలో ఒక వైద్యుణ్ని పంపండి. ఆ వైద్యుడే జబ్బుపడితే చూసేలా మరొకరిని తయారుచేయండి. నేల మీద ఎంత గొప్ప నిపుణుడున్నా, అంత దూరాన రోగిని కాపాడేది పక్కనున్న మనిషే.