అబ్బో, డాక్టరమ్మ!

పిల్ల డాక్టరు కావాలా వద్దా అన్న సంగతి మన ఇళ్లలో పిల్లను తప్ప అందరినీ అడుగుతారు. పదో తరగతి ఫలితాలొచ్చిన సాయంత్రం మేనమామ, పెదనాన్న, పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు కొలువుదీరతారు. "లెక్కల్లో కొంచెం వీకు అన్నయ్యా" అంటుంది తల్లి. "అయితే బైపీసీలో వేసెయ్యమ్మా!" తేలిపోయింది. లెక్కలు రానివాళ్లు ప్రాణాలు పోయాలన్నది మన ఇంటి శాస్త్రం. నీట్‌లోని 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్సేననీ, అవి లెక్కలకు సొంత మేనత్త బిడ్డలనీ కొలువులో ఎవరూ నోరెత్తరు. మర్నాటి నుంచి ఏ పెళ్లికెళ్లినా "ఏ గ్రూపమ్మా?", "బైపీసీ అండీ", "అబ్బో, డాక్టరమ్మ!" ఇంక ఆ పిల్ల వెనక్కి తిరిగితే వంశం పరువే పోతుంది.

సీటు రాలేదా, లాంగ్ టర్మ్ కోచింగ్ ఉండనే ఉంది. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని కూడా 2022లో ఎత్తేశారు కాబట్టి మనవలతో కలిసి రాసుకోవచ్చు. హాస్టల్లో ఆ పిల్ల బయాలజీ పుస్తకం చూడండి: హైలైటర్ పడని వాక్యం లేదు, బొమ్మ కింది చిన్నక్షరాలు కూడా పసుప్పచ్చగా మెరుస్తుంటాయి. గుండెకు ఎన్ని గదులో, ఏ కవాటం ఎప్పుడు మూసుకుంటుందో నిద్రలో లేపినా చెబుతుంది. తన గుండె దడ సంగతి మాత్రం ఆదివారం ఫోన్లో చెప్పదు. పొలానికి బేరం పెట్టారని తెలుసు. పరీక్షలో తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారు; మేనమామ ఇచ్చిన జవాబుకు కోత లేదు.

పొలం దేనికంటారా? ప్రైవేటు కాలేజీల బి కేటగిరీ సీట్ల ఫీజుల సంగతి మీకు తెలిసిందే. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త సర్కారీ కాలేజీలకే ధరల పట్టీ కట్టారు: సెల్ఫ్ ఫైనాన్స్ సీటు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటు 20 లక్షలు. సర్కారు వారి పాట అన్నమాట.

ఐదున్నరేళ్లు చదివి బయటికొస్తే "ఉత్త ఎంబీబీఎస్సేనా?" అంటాడు అదే మేనమామ. పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని అదే 2023లో నీట్ పీజీ కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించేశారు. కింది మెట్టు మీద ఒక్క మార్కుకు ఏడాది గల్లంతు, పై మెట్టు మీద సున్నాకు పూర్ణకుంభం.

ఈలోగా ఊళ్లో తాతకు జ్వరమొచ్చింది. ఎప్పట్లాగే ఆర్‌ఎంపీ వచ్చి సూదేసి, వంద పుచ్చుకుని వెళ్లాడు. ఆయన కొడుకూ లాంగ్ టర్మేనట. వాడికీ లెక్కలు రావట.