క్యాలెండర్ చూసి రండి: ఉద్దానం తీరానికి పిక్నిక్‌కొచ్చే బృందానికి బహిరంగ లేఖ

ఆదివారాల్లో మా తీరానికి వచ్చే తమ్ముళ్ళకు,

మీ పేర్లు నాకు తెలియవు. బండి వెనక మీరు కట్టుకొచ్చే సౌండ్ బాక్సులు తెలుసు. మీరు వెళ్ళిపోయాక ఇసకలో మిగిలేవి తెలుసు. మీలో కొందరు విశాఖ నుంచి వస్తారు, కొందరు బరంపురం నుంచి, కొందరు మా పలాస, టెక్కలి కుర్రాళ్ళే. మిమ్మల్ని రావద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పలాస అంటే జీడిపప్పు, ఉద్దానం అంటే కిడ్నీ జబ్బు అని తప్ప బయట చాలామందికి మా ప్రాంతం గురించి మరో మాట తెలియదు. అలాంటిది సముద్రం చూద్దామని ఎవరైనా మా ఊళ్ళ దాకా వస్తే మాకు సంతోషమే. మీరు వచ్చే తీరే మమ్మల్ని బాధపెడుతోంది. ఆ మాట మీ వెనకాల అనుకోవడం కంటే మీతోనే చెప్పడం మంచిదని రాస్తున్నాను.

పోయిన జనవరిలో పక్షులు గూళ్ళు కట్టే మా తేలినీలాపురంలో మీలాంటి బృందం ఒకటి చేసిన పని కళ్ళారా చూశాను. ఒక ఇంటి పెరట్లోని చింతచెట్టు నిండా గూళ్ళు. గూడబాతులవి కొన్ని, ఎర్రకాళ్ళ కొంగలవి కొన్ని. తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి ఒక పిల్ల చేపలు తింటోంది. బండి సరిగ్గా ఆ చెట్టు కిందే ఆగింది. బాక్సులు మోగాయి. ఒకరు డ్రోన్ లేపారు. అది కొమ్మల ఎత్తుకు రాగానే పెద్ద పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. ఆ రెక్కల తోపులాటలో, ఇంకా సరిగా ఈకలు రాని పిల్ల ఒకటి గూటి అంచు మీంచి జారింది. కొమ్మకు తగిలి, పెంకుటింటి చూరు మీద పడి, దొర్లుకుంటూ వాకిట్లో పడింది.

ఆ ఇంటి మామ్మ చేతిలో చీపురు పడేసి పరుగెత్తుకొచ్చింది. "ఆపండి బావూ, ఆపండి. ఆడపిల్లలు పురిటికొచ్చిన ఇంటికాడ ఇలాగే మోతెడతారేటి?" అంది. "పాటకే పడిపోతాయా మామ్మా" అని ఒక కుర్రాడు నవ్వాడు. ఆమె మారు మాట్లాడలేదు. పిల్లను చెంగులో పెట్టుకుని అటవీశాఖ కాపలా మనిషిని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఆమె ఇవ్వని జవాబు నేనిస్తాను. అవును, పడిపోతాయి. గూట్లో చిన్నపిల్లలు ఉన్నన్నాళ్ళూ తల్లో తండ్రో అక్కడే ఉండాలి. ఎండకు నీడ పట్టాలి, కాకినీ గద్దనీ దగ్గరకు రానివ్వకూడదు. పెద్దవి బెదిరి లేచిపోతే గుడ్డుకూ పిల్లకూ దిక్కుండదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి మార్చి నాటికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళే పక్షులివి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్పుకుంటారు గానీ ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. అవి మా దగ్గరికి వచ్చేది పిల్లల్ని పెంచుకోవడానికి. వాటి కోసం ఊరివాళ్ళు చెట్లు కొట్టరు. పెంకుల మీద పడే రెట్టను, వాకిట్లో పడే చేపల నీచును నెలల తరబడి ఓర్చుకుంటారు. అడవిలోనో, కంచె వెనకో ఉండే పక్షులు కావివి. మనుషులు నిద్రపోయే ఇళ్ళ మీదే గూళ్ళు కట్టుకున్నాయి. ఆ ఇళ్ళవాళ్ళ ఓర్పే వాటికి కంచె.

ఒక్కసారి పోయాక మళ్ళీ వస్తాయన్న పూచీ కూడా లేదు. 1946లో పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్ళు కట్టుకున్న చోటును గుర్తించి లోకానికి చెప్పారు. 1970ల నాటికి అది ఖాళీ అయిపోయింది. ఇన్నేళ్ళుగా పక్షులతో కలిసి బతికిన ఊరికి ఆ గతి పట్టకూడదనే నా ఆరాటం.

ఇక సముద్రపు ఒడ్డు సంగతి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ అయినా, అక్కుపల్లి శివసాగర్ బీచ్ అయినా, భావనపాడు అయినా మీరు చేసేది ఒకటే. జీపులను, బైకులను ఇసక మీదికి దింపుతారు. అలల అంచున గిరగిరా తిప్పి వీడియో తీసుకుంటారు. రాత్రయ్యాక హెడ్‌లైట్లు సముద్రం వైపు పెట్టి మంట వేస్తారు.

మీరు మంట వేసే ఆ జనవరి, ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లోనే ఆలివ్ రిడ్లే తాబేలు ఒడ్డుకొస్తుంది. చీకట్లో ఇసక మీద పాకుతూ వచ్చి, వెనక కాళ్ళతో మూరెడు లోతు గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసక కప్పి వెళ్ళిపోతుంది. వెలుతురు కనిపిస్తే, అలికిడి వినిపిస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్ళుతుంది. పెట్టిన గుడ్లు పిల్లలవడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ ఇసక మీంచి బండి పోతే కింద ఉన్నవి అణిగిపోతాయి. పిల్లలు పైకి వచ్చినా చక్రాల గాడిలో పడి ఎక్కలేకపోతాయి. రాత్రిపూట ఎటు వెలుతురు ఎక్కువుంటే అదే సముద్రమనుకుని అటు పాకుతాయి. మీ హెడ్‌లైట్లు వాటిని సరుగుడు తోటల వైపు, కుక్కల వైపు పంపుతున్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఈ తాబేలుకు మొదటి షెడ్యూల్లో చోటిచ్చింది. అంటే పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉంది. రాత్రంతా ఒడ్డు వెంట నడిచి, గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట పూడ్చి కాపాడే కుర్రాళ్ళు మా ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళదీ మీ వయసే.

ఇప్పుడు సీసాలు. తెల్లారకముందే పడవకు భుజం ఆనించి నీళ్ళలోకి నెట్టే మనిషి కాళ్ళకు చెప్పులుండవు. తడి ఇసకలో సీసా పెంకు కనిపించదు. అది అరికాల్లో దిగితే ఆ మనిషికి రోజుల తరబడి వేట లేదు, ఆ ఇంటికి రాబడి లేదు. అసలే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవలన్నీ ఒడ్డెక్కించి కూర్చుంటారు. సముద్రం మీద బతికేవాళ్ళే సముద్రానికి రెండు నెలలు సెలవిస్తున్నారు. ఒక్క పూట సరదాకు వచ్చేవాళ్ళు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే తప్పేముంది?

తోటల మాటా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వజ్రపుకొత్తూరు తీరంలోనే ఒడ్డు దాటింది. తాతల నాటి కొబ్బరిచెట్లు, జీడిచెట్లు, పనసచెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు పడుతుంది. ఇప్పుడు మీరు నీడ బాగుందని దుప్పట్లు పరుచుకునే తోటల్లో చాలావాటిలో ఆ తర్వాత నాటిన చెట్లున్నాయి. తొలికాపు కాయలను అడక్కుండా దింపుకుని తాగి, బొండాలు అక్కడే పడేసి వెళ్ళకండి. తోట మనిషిని పిలవండి. డబ్బులివ్వండి. కాయ ఆయనే దింపి, కొట్టి మీ చేతికిస్తాడు.

ఇంకొకటి. బారువ దారిలో ఒక టీ కొట్టు దగ్గర మీవాడొకడు ఫోన్ ముందు నిలబడి, "ఇక్కడ గుక్కెడు నీళ్ళు తాగినా కిడ్నీలు పోతాయి" అని రీల్ చేస్తుంటే విన్నాను. వెనక బల్ల మీద డయాలసిస్ చేయించుకుని వస్తున్న మనిషి కూర్చుని ఉన్నాడు. ఆయన తల వంచుకున్నాడు. ఈ జబ్బుకు ఇదీ కారణమని శాస్త్రవేత్తలు ఇంతవరకూ ఒక్కదాన్ని తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఎన్నో ఏళ్ళు అడిగితే వచ్చినవివి. మా కష్టాన్ని తెలుసుకోండి, చదవండి, నలుగురికీ చెప్పండి. కబుర్లకు సరుకు చేసుకోకండి.

ఇన్ని చెప్పడానికి కారణం ఒకటే. మీరు ప్లాన్ వేసుకునే తీరులోనే లోపముంది. ఎంతమంది వస్తున్నారు, బిర్యానీ ఎక్కడ ప్యాక్ చేయించాలి, మందు ఎవరు తేవాలి, ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయి: ఇవన్నీ ముందే మాట్లాడుకుంటారు. ఆ నెలలో ఆ చోట ఏం జరుగుతోందన్న ప్రశ్న మాత్రం ఒక్కరూ వేసుకోరు.

మా తీరానికి నెల నెలకూ ఒక పని ఉంది. తొలకరికి ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. అవి పొలాల్లో నత్తలను తింటాయి గనుక రైతు వాటిని చూసి సంతోషిస్తాడు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. అప్పుడు వచ్చేటట్లయితే వాతావరణ హెచ్చరిక చూడకుండా బయల్దేరకూడదు. చలికాలమంతా తేలినీలాపురం గూళ్ళు, జనవరి నుంచి తాబేళ్ళు. మార్చి నుంచి జీడి కోతలు. తోటల్లో పండు వాసన, కాశీబుగ్గలో గింజలు కాల్చే వాసన కలిసి వచ్చే రోజులవి. అప్పుడొస్తే జీడిపప్పు మీ చేతికి రావడానికి ముందు, ఆ తొక్క రసానికి ఎన్ని చేతులు పొక్కుతాయో కూడా చూడొచ్చు. తర్వాత వేట నిషేధం, పనస పళ్ళ కాలం. వీటిలో ఏదో ఒకటి చూద్దామని వచ్చినవాడికి సౌండ్ బాక్సు అక్కర్లేదు.

దూరపు చోట్లకు ఎలా వెళ్ళాలో తెలిసినవాళ్ళు లోకంలో ఉన్నారు. స్కాట్లండ్‌కు పడమర అట్లాంటిక్‌లో సెయింట్ కిల్డా అనే దీవుల గుంపు ఉంది. బతుకు కష్టమై, అక్కడ మిగిలిన 36 మంది 1930 ఆగస్టు 29న దీవిని వదిలేశారు. ఇప్పుడది సముద్రపు పక్షుల రాజ్యం. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు సముద్రం ఒప్పుకుంటేనే దిగుతారు, లేకపోతే పడవలోంచే చూసి మళ్ళుతారు. ఎలుక ఒక్కటి ఒడ్డెక్కినా నేల బొరియల్లో గూళ్ళు పెట్టే పక్షులకు ముప్పు గనుక, పడవలో ఎలుకలు లేకుండా చూసుకుని రమ్మంటారు. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం కొండైనా తీరమైనా ఎవరైనా నడవొచ్చని హక్కిచ్చింది. బాధ్యతగా నడిచినంతవరకే ఆ హక్కు అని కూడా అందులోనే రాసుకుంది. మాకు అంత చట్టం లేకపోవచ్చు. తేలినీలాపురం మామ్మ అడిగింది మాత్రం సరిగ్గా అదే.

మీరు తిరిగే ఈ నేల ఊరికే మిగల్లేదని కూడా తెలుసుకోండి. తేలినీలాపురం పక్షులకు మేత దొరికేది నౌపడ, కాకరాపల్లి చుట్టుపక్కల తంపర అనే చిత్తడి నేలల్లో. అటు సోంపేటలో బీల అనే చిత్తడి నేల, ఇటు కాకరాపల్లి తంపర థర్మల్ విద్యుత్ కేంద్రాలకు పోకూడదని రైతులు, మత్స్యకారులు రోడ్డెక్కారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. సోంపేటలో ప్లాంటు రాలేదు, బీల నిలిచింది. ఆ బీల గట్టు మీద థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ళ సీసాలు కుప్పగా కనిపించినప్పుడు మాకు కడుపు ఎందుకు రగులుతుందో ఇప్పుడైనా అర్థమవుతుందనుకుంటాను.

అడిగేది ఇంతే. పక్షుల చెట్ల కింద బండి ఆపకండి, ఊరి బయట ఆపి నడిచి రండి. డ్రోన్ ఎగరేయకండి, పాటలు పెట్టకండి. తేలినీలాపురంలో అటవీశాఖ కట్టిన టవర్ ఎక్కి చూడండి, గూళ్ళు ఇంకా బాగా కనిపిస్తాయి. ఇసక మీదికి ఏ బండీ దింపకండి. తాబేళ్ళ కాలంలో చీకటి పడ్డాక ఒడ్డున దీపాలు, మంటలు వద్దు. తెచ్చుకున్న ప్రతి సీసా, ప్రతి కవరు గోనెసంచిలో వేసుకుని వెనక్కి తీసుకెళ్ళండి. తిండి ఇంటి దగ్గర్నుంచి మోసుకురావడం కంటే ఇక్కడి చేప, ఇక్కడి కొబ్బరి, ఇక్కడి జీడిపప్పు కొనుక్కోండి. అప్పుడు మీ రాక కోసం ఊరే ఎదురుచూస్తుంది.

పంచాయతీలను, పర్యాటక శాఖను, అటవీశాఖను మేమూ అడుగుతున్నాం. ఊరి బయట బండ్లు నిలిపే చోటు, చెత్త వేసే డబ్బాలు, గూళ్ళ కాలంలోనూ తాబేళ్ళ కాలంలోనూ తెలుగులో, ఒడియాలో పెద్ద బోర్డులు, సెలవు రోజుల్లో కాపలా కావాలి. తప్పంతా మీదేనని, ఏర్పాట్లతో పని లేదని నేననను. కానీ బోర్డు లేదన్న సాకుతో చింతచెట్టు కింద డీజే పెట్టడం కుదరదు.

వచ్చే ఆదివారం బయల్దేరే ముందు మా ఊళ్ళలో తెలిసిన ఒక్కరికి ఫోన్ చేసి, "ఈ నెల అక్కడ ఏం జరుగుతోంది?" అని అడగండి. ఆ జవాబు చుట్టూ మీ ప్లాన్ వేసుకోండి. అలా వచ్చినవాళ్ళకు దారి చూపిస్తాం, నీళ్ళిస్తాం, దగ్గరుండి గూళ్ళు చూపిస్తాం. అలా కాకుండా వచ్చిన బండికి ఈ చలికాలం నుంచి మేమే అడ్డం నిలబడతాం. బాక్సు ఆపే దాకా కదలం, అవసరమైతే అటవీశాఖకూ పోలీసులకూ ఫోన్ చేస్తాం.

ఇట్లు,
ఉద్దానం తీరవాసి