పడవకాపురానికి టీకా తాత్పర్యం

మూలం:

పడవె యిల్లు గాగ, బల్లయే వీధియై,
తాడు విప్పకుండఁ దావు విడక
ఫ్యాను గాలి కింద పవళించు ధన్యుండు
నావికుండు గాక నరుడె వాడు?

అవతారిక: మలేషియా వాయవ్య కొసన, భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల ఎగువన లంకావి ద్వీపాలున్నాయి. వాటిలో రెబాక్ అనే చిన్న దీవి మడుగులో ఒక మరీనా, అంటే పడవలు కట్టేసుకునే రేవు, ఉంది. భూగోళం చుట్టి వద్దామని బయలుదేరిన తెరచాప పడవలవాళ్ళు ఇక్కడ రెండు వారాలని ఆగి, ఏళ్ళ తరబడి ఉండిపోవడం కద్దు. 1987 నుంచి లంకావి సుంకాల్లేని చోటు కనుక, చవక బీరే దీనికి కారణమని లోకం అంటుంది. మరమ్మతులు తెమలకపోవడమే అసలు కారణమని ఈ వ్యాఖ్యాత మతం. అట్టి కాపురస్థుణ్ణి చూసి కవి ఇట్లు పలుకుచున్నాడు.

ప్రతిపదార్థం: పడవె = పన్నెండు మీటర్ల ఫైబర్‌గ్లాస్ పెంకే; యిల్లు గాగ = వంటగది, పడకగది, ఇంజను గది మూడూ ఒకదానిమీద ఒకటి పడి ఇల్లు కాగా; బల్లయే = తేలే బల్లకట్టే; వీధియై = ఊరి వీధి అయి; తాడు విప్పకుండన్ = కట్టుతాడు ముడి సడలకుండా; తావు విడక = అద్దె కట్టిన జాగా వదలక; ఫ్యాను గాలి కింద = పన్నెండు వోల్టుల బుల్లి ఫ్యాను కింద; పవళించు = నిద్రపట్టక దొర్లు; ధన్యుండు = పుణ్యాత్ముడు; నావికుండు గాక = నావికుడే తప్ప; నరుడె వాడు = మామూలు మనిషా!

విశేషాలు. ‘బల్లయే వీధి’ అనడంలో ఔచిత్యం ఉంది. లంకావిలో పెద్ద పోటురోజున నీరు రెండు మీటర్లకు పైగా లేచి దిగుతుంది. బల్లకట్టు కూడా పడవలతోపాటే తేలుతుంది కనుక అర్ధరాత్రి లేచి తాళ్ళు సవరించే బాధ లేదు. అయితే వేరే పనిమీద లేవక తప్పదు. పడవలోని మరుగుదొడ్డి సముద్రంలోకి పోతుంది. మూసుకున్న మడుగులో దాన్ని వాడటం మర్యాద కాదు. అందుచేత భుజాన తువ్వాలు, చేతిలో టార్చితో గట్టుమీది స్నానాలగదికి యాత్ర. దారిలో నాలుగు పడవలవాళ్ళు పలకరిస్తారు. ఒకరికి పానా కావాలి, ఇంకొకరికి శ్రోత కావాలి.

సామాన్లకూ వీధిలోనే తనిఖీ. అట్టపెట్టెల మడతల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయి కాబట్టి, తెలిసిన ఇల్లాలు పెట్టెను బల్లకట్టుమీదే విప్పి, బియ్యం పప్పులు మాత్రం లోపలికి చేరవేస్తుంది. చీమలకు ఈ నియమం వర్తించదు. అవి కట్టుతాటి మీదుగా నడిచి వస్తాయి.

తాడు ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ రెబాక్‌లోనూ, పక్కనున్న తెలగా రేవులోనూ బల్లకట్లు దెబ్బతిన్నాయి. ఆనాడు తాళ్ళు విప్పింది నావికులు కారు.

ఇక్కడ ఒక శంక. ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు భారత నౌకాదళ మహిళాధికారులు 2017-18లో 254 రోజుల్లో భూగోళం చుట్టివచ్చారు. వారిలో హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖ అమ్మాయి పి. స్వాతి ఉన్నారు. వాళ్ళు నావికులు, సరే. తాడే విప్పనివాడు నావికుడెట్లయ్యాడు?

సమాధానం. నడిచే పడవ అడుగుకు నాచూ నత్తా అంత తేలిగ్గా పట్టవు. నిలిచిందా, ఆ వెచ్చటి నీళ్ళలో కొద్ది వారాలకే బార్నకిల్స్ గరుకుగా పేరుకుంటాయి. ప్రొపెల్లరు రెక్కల్నీ వదలవు. గట్టు కరెంటు తీగ తగిలిస్తే మరో చిక్కు: ఎర్తు తీగ ద్వారా పక్కపక్క పడవల లోహాలన్నీ ఉప్పునీటిలో కలిసి ఒక బ్యాటరీ అవుతాయి. ముందు కరిగిపోవడానికే అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. వాటిని మార్చడం మరిస్తే తర్వాతి వంతు ప్రొపెల్లరుది. ఇక లోపల తోలు బెల్టుకు బూజు, పుస్తకానికి బూజు, ఎక్కడో అడుగున పెట్టిన పెళ్ళి బూట్లకూ బూజు. కదలని పడవను తేలేట్టు ఉంచడమే ఒక ఉద్యోగం. కాబట్టి బిరుదు చెల్లును.

‘పవళించు’ అన్నది నిందాస్తుతి. గాలికోసం నెత్తిమీది హ్యాచ్ తెరిచి పడుకుంటే సరిగ్గా నిద్రపట్టే వేళకు వాన. మూస్తే ఉక్క, తెరిస్తే పరుపు తడి. పైగా మలక్కా జలసంధి పిడుగులకు పెట్టింది పేరు. మెరుపు మొదలవగానే అనుభవజ్ఞులు సెల్‌ఫోను, చేతి జీపీఎస్ తీసి వంటపొయ్యి ఓవెన్‌లో దాస్తారు. ఆ ఇనుప డబ్బా విద్యుత్తును లోపలికి రానీయదని వారి ఆశ. తెల్లారి మరిచిపోయి రొట్టె కాల్చనంతవరకు ఉపాయం మంచిదే.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో ‘ఫ్యాను గాలి’కి బదులు ‘ఏసి గాలి’ అని ఉంది. కిటికీ ఏసీని హ్యాచ్ మీద కూర్చోబెట్టి, చుట్టూ ప్లైవుడ్డు బిగించుకునేవాళ్ళు ఉష్ణమండలపు మరీనాల్లో కనబడతారు కనుక ఆధారం లేదనలేం. గణమూ సరిపోతుంది. అయితే మూడోపాదంలో యతి చెడుతుంది, కరెంటుకు మీటరు తిరుగుతుంది. అన్నిటికీ మించి, ఏసీలో పడుకున్నవాణ్ణి చూసి ‘నరుడె వాడు’ అని ఆశ్చర్యపడే పని కవికి లేదు. అది నిశ్చయంగా ప్రక్షిప్తం.